15 వేల ప్రొజెక్టర్ రివ్యూ: డబ్బా మీద అంకెలు కాదు, ముందు మీ గోడ చూడండి

నమస్కారం అండి. ముందు ఈ గోడ చూడండి. మధ్యాహ్నం మూడున్నర అయింది, కిటికీ తీసి ఉంది, ట్యూబ్‌లైట్ వెలుగుతోంది, ప్రొజెక్టర్ కూడా ఆన్‌లోనే ఉంది. మీకేమైనా కనిపిస్తోందా? అక్కడ ఒక పాట నడుస్తోంది. దగ్గరికెళ్లి చూస్తే తప్ప డ్యాన్స్ చేసేది ఎవరో నాకు కూడా తెలియట్లేదు. ఈ ప్రొజెక్టర్ డబ్బా మీద మాత్రం 9,000 ల్యూమెన్లు, అంటే అంత వెలుగు వేస్తుందని రాసి ఉంది, పక్కనే 4కే అని పెద్ద పెద్ద అక్షరాలు. నేనూ ఆ అంకెలు చూసే కొన్నాను. మొదటిరోజు పగలే పెట్టి చూశాను, ప్రాణం ఉసూరుమంది. తిరిగి పంపించేద్దామని డబ్బా కూడా సర్దేశాను. కానీ పంపలేదు. ఆ రోజుకి రెండు నెలలు దాటింది, ఇప్పుడు వారంలో నాలుగు రాత్రులు మా ఇంట్లో ఇదే నడుస్తోంది. అందుకే ఈ వీడియో.

కంపెనీ పేరు చెప్పట్లేదు. ఎందుకంటే ఇదే డబ్బా, ఇదే లెన్సు, ఇదే రిమోట్ ఐదారు పేర్లతో అమ్ముతున్నారు, ధర మాత్రం 11 వేల నుంచి 17 వేల దాకా మారుతోంది. నాకు 15 వేలకి కాస్త తక్కువే పడింది. నేను చెప్పేవి ఈ రేటులో ఉన్న దాదాపు అన్నిటికీ పనికొస్తాయి, ఒక పేరుకే కట్టుబడిన విషయాలు కావు.

అసలు లోపల ఏముందో ముందు చెప్తాను, అది తెలిస్తే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. వెనకాల ఒక ఎల్‌ఈడీ దీపం. దాని ముందు సెల్‌ఫోన్ తెర అంత ఎల్‌సీడీ ప్యానెల్. దాని ముందు లెన్సు. అంతే. దీపం వెలుగు ప్యానెల్ గుండా వచ్చేటప్పుడు రంగు పూసుకుని వస్తుంది, లెన్సు దాన్ని పెద్దది చేసి గోడ మీద వేస్తుంది. మీరు తోలుబొమ్మలాట చూసి ఉంటే ఇందులో కొత్తేమీ లేదనిపిస్తుంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ మేక తోలుని పల్చగా గీకి, వెలుగు దూరేలా చేసి, రంగులద్ది బొమ్మలు చేస్తున్నారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తెల్ల పంచె కట్టి, బొమ్మని దానికి ఆనించి, వెనకాల దీపం పెడితే నల్లటి నీడ కాదు, ఎర్రగా పచ్చగా రంగు నీడ పడుతుంది. ఎల్‌సీడీ ప్యానెల్ చేసేది కూడా అదే పని. కాకపోతే ఆ తోలు మీద లక్షల చుక్కలున్నాయి, సెకనుకి అరవైసార్లు రంగు మార్చుకోగలవు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. తోలుబొమ్మలాట పగలు ఎవరైనా ఆడగా చూశారా? చీకటి పడ్డాకే ఆడతారు, ఒకప్పుడు తెల్లవార్లూ ఆడేవాళ్లు. ఎందుకంటే దీపం వెలుగుని మాత్రమే వెయ్యగలదు, నలుపుని వెయ్యలేదు. నల్లటి వెలుగు అనేది లేదు కదండీ. సినిమాలో హీరో నల్ల చొక్కా వేసుకుంటే ప్రొజెక్టర్ చేయగలిగింది ఒక్కటే, ఆ చొక్కా ఉన్న చోట వెలుగు వెయ్యకుండా ఊరుకోవడం. అప్పుడు అక్కడ కనిపించేది మీ గోడ. గోడ మీద ట్యూబ్‌లైట్ పడుతుంటే ఆ చొక్కా ట్యూబ్‌లైట్ పడిన గోడ రంగులోనే ఉంటుంది.

టీవీకి ఈ బాధ లేదు. మీ టీవీని ఆపేసి చూడండి, తెర నల్లగా ఉంటుంది. గది వెలుగుని చాలావరకు అదే మింగేస్తుంది. ఓఎల్ఈడీ రకం టీవీ అయితే ఇంకా మేలు, నలుపు ఉన్నచోట ఆ చుక్క పూర్తిగా ఆరిపోతుంది. అంటే టీవీ నలుపు దగ్గర మొదలుపెట్టి తెలుపు వైపు వెళ్తుంది. ప్రొజెక్టర్ మీ గోడ ఎలా ఉంటే అక్కడి నుంచి మొదలుపెడుతుంది. ఈ ఒక్క తేడా షాపులో ఎవరూ చెప్పరు. అక్కడ ప్రొజెక్టర్ పెట్టే గదిని ముందే చీకటి చేసి ఉంచుతారు.

మాట వరసకి చెప్పడం కాదు, కొలిచి చూపిస్తాను. ఫొటోలు తీసే మా ఫ్రెండు దగ్గర లక్స్ మీటరు తెచ్చాను. గోడ మీద ఎంత వెలుగు పడుతోందో చెప్పే పరికరం అది. ప్రొజెక్టర్ ఆపేసి ట్యూబ్‌లైట్ ఒక్కటే వేస్తే గోడ మీద 110 లక్సులు. ట్యూబ్‌లైట్ ఆర్పి, కర్టెన్లు వేసి, ప్రొజెక్టర్‌తో వంద అంగుళాల బొమ్మ వేసి, తెర మొత్తం తెల్లగా పెట్టి కొలిస్తే సగటున 85. చూశారా, వంద అంగుళాల మీద ఈ ప్రొజెక్టర్ వేసే పూర్తి తెలుపు కంటే మా ఇంటి ట్యూబ్‌లైటే ఎక్కువ వెలుగిస్తోంది. ఇప్పుడు రెండూ కలిపి వేస్తే నలుపు దగ్గర 110, తెలుపు దగ్గర 195. తెలుపు నలుపుకి రెండింతలు కూడా లేదు. అందుకే ఇందాక మీకేమీ కనిపించలేదు. అదే ట్యూబ్‌లైట్ తీసేసి మామూలు కర్టెన్ వేస్తే వీధి దీపం సందుల్లోంచి దూరి 2 లక్సులు మిగిలాయి. అప్పుడు నలుపు 2, తెలుపు 87. నలభై రెట్ల పైమాట. ప్రొజెక్టర్ అదే, గోడ అదే, మారింది ఒక్క స్విచ్.

మరి 9,000 ల్యూమెన్ల సంగతేంటంటారా. ల్యూమెన్ లెక్క కట్టడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతి ఒకటుంది, ఆన్సీ ల్యూమెన్లు అంటారు. తెల్ల తెరని మూడు అడ్డం మూడు నిలువు చొప్పున తొమ్మిది గళ్లుగా అనుకుని, ప్రతి గడి మధ్యలో లక్సులు కొలిచి, సగటు తీసి, దాన్ని తెర వైశాల్యంతో హెచ్చించడమే. ఇంట్లో కూడా చేసుకోవచ్చు. వంద అంగుళాల తెర వెడల్పు 2.21 మీటర్లు, ఎత్తు దాదాపు 1.25 మీటర్లు, అంటే 2.76 చదరపు మీటర్లు. దాన్ని 85తో హెచ్చిస్తే 235 వస్తుంది. తొమ్మిది వేలెక్కడ, రెండు వందల ముప్ఫై ఐదెక్కడ! నా మీటరు గొప్ప ల్యాబ్ పరికరమేమీ కాదు, పదో ఇరవయ్యో అటూ ఇటూ వేసుకోండి, అయినా ఎక్కడా పొంతన లేదు. ఏ కొలతో చెప్పకుండా ఒట్టి ల్యూమెన్లు అనో, ఎల్‌ఈడీ ల్యూమెన్లు అనో రాసి ఉంటే ఆ అంకెని పట్టించుకోకండి. ఆన్సీ అనో, అలాంటిదే ఇంకో ప్రమాణం ఐఎస్ఓ అనో పక్కన రాసి ఉంటేనే నమ్మండి. ఇలా రాసి అమ్మడం నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. పిల్లలు అడిగారని దాచుకున్న డబ్బు పెట్టి కొనేవాళ్లుంటారు, వాళ్లు పగలు పెట్టి చూసుకుని మోసపోయామని కుమిలిపోతారు.

అయితే 235 తక్కువా అంటే, అదే నేను చెప్పాలనుకున్నది, తక్కువేం కాదు. సినిమా హాల్లో తెర మీద తెలుపు ఎంత వెలుగుండాలో ఒక ప్రమాణం ఉంది, 48 నిట్లు. తెర మీంచి మన కంటికొచ్చే వెలుగుని కొలిచేది నిట్టు. టీవీలు మూడు వందలు, ఐదు వందలు, వెయ్యి నిట్లంటూ పోటీ పడుతుంటే మనం డబ్బు పెట్టి, టికెట్ కొని, నోరు తెరుచుకుని చూసేది 48 నిట్లు! హాలు చీకటిగా ఉంటుంది కాబట్టి అది చాలు. గోడ మంచి తెలుపైతే, పడిన లక్సులని 3.14తో భాగిస్తే నిట్లు వస్తాయి. నా వంద అంగుళాల బొమ్మకి 85ని భాగిస్తే 27. అంటే సినిమా హాలు వెలుగులో సగానికి కాస్త పైన. మసకగానే ఉంది, ఒప్పుకుంటాను. ఇప్పుడు ప్రొజెక్టర్‌ని ముందుకి జరిపి బొమ్మని 80 అంగుళాలు చేశాను. వైశాల్యం 1.76 చదరపు మీటర్లకి తగ్గింది, అదే 235 ల్యూమెన్లు చిన్న చోట పడ్డాయి, 133 లక్సులు, అంటే 42 నిట్లు. సినిమా హాలుకి దగ్గరకొచ్చేశాం! డబ్బా మీద 200 అంగుళాలు అని రాసి ఉంటుంది, అంత పెద్దగా వేస్తే పడుతుంది కూడా, కానీ ఏడు నిట్లు కూడా రావు. ఈ రేటు ప్రొజెక్టర్‌కి 80 అంగుళాలు సరైన సైజు అని నా అభిప్రాయం, మహా అయితే 90. అందరూ పెద్దదే కావాలంటారు, మా పిల్లలూ అదే గోల. రెండు సైజులూ పక్కపక్కన చూపించాక మాత్రం చిన్నదే బాగుందన్నారు.

ఇక గోడ. మా పక్కింటి పెద్దాయన ఒకప్పుడు సినిమా హాల్లో ఆపరేటర్. కార్బన్ కడ్డీలు వెలిగించి బొమ్మ వేసిన కాలం ఆయనది. ఒకరోజు సాయంత్రం పిలిచి చూపించాను. ఆయన బొమ్మ చూడలేదు, తిన్నగా గోడ దగ్గరికెళ్లి చెయ్యి పెట్టి రాసి చూశారు. "ఇది క్రీమ్ కలర్ కదయ్యా, పైగా మెరుస్తోంది, దీని మీద తెల్ల చీర కూడా పసుపు చీరే అవుతుంది" అన్నారు. నేను రెండు వారాలుగా రంగుల సెట్టింగులు మారుస్తూ కూర్చున్నాను, తప్పు సెట్టింగుల్లో లేదు, సున్నంలో ఉంది. తర్వాత "ఫోకస్ మధ్యలో చూస్తున్నావేంటి, మూలల్లో చూడు" అని నాలుగు మూలలూ చూపించారు. నిజమే, మధ్యలో అక్షరాలు సూదుల్లా ఉన్నాయి, కింద కుడి మూలలో మాత్రం అలుక్కుపోయాయి. చవక లెన్సుల్లో ఇది ఉంటుంది. మధ్యకీ మూలలకీ నడుమ ఎక్కడో రాజీ పడి ఫోకస్ ఆపుకోవాలి. ఆటో ఫోకస్ ఈ పని చెయ్యదు, అది మధ్యలో చూసి ఆగిపోతుంది, కాబట్టి చేత్తో తిప్పుకునే వీలున్నదే కొనండి.

ఆ గోడ మీద మూడు రకాలుగా ప్రయత్నించాను. ముందు ఉన్న క్రీమ్ గోడ, అది చెప్పాను. తర్వాత తెల్ల దుప్పటి. చాలామంది ఇదే చేస్తారు, కానీ పల్చటి దుప్పటిలోంచి వెలుగు అవతలికి దూరిపోతుంది, ఉన్నదే తక్కువ వెలుగు, అందులో కొంత వెనక గోడకి పోయింది. ఫ్యాన్ గాలికి హీరోయిన్ మొహం అలల్లా ఊగుతుంది, అదో తలనొప్పి. మూడోది, గోడ మీద అంత మేరకి నున్నగా పుట్టీ పెట్టించి, మెరుపు లేని తెల్ల పెయింటు వేయించాను. మ్యాట్ అని అడిగితే ఇస్తారు. రెండు కోటింగులు. ఇదే గెలిచింది, మిగతా రెండూ దీనికి దరిదాపుల్లో లేవు. చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పున నల్ల మఖ్మల్ గుడ్డ అంటించాను, ఇది కూడా ఆపరేటర్ గారి సలహానే. హాల్లో తెర చుట్టూ నల్ల గుడ్డ ఉంటుంది చూడండి, దాన్ని మాస్కింగ్ అంటారట. బొమ్మ అంచు దాని మీద పడి మాయమవుతుంది, ఆ పక్కనే ఉన్న బొమ్మ ఇంకా వెలుగ్గా అనిపిస్తుంది. మీటరు పెడితే ఏమీ మారలేదు, కంటికి మాత్రం మారింది. ఖర్చు మూడు వందలు కూడా కాలేదు, నేను పెట్టిన ఖర్చులన్నిటిలో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే.

4కే గురించి తొందరగా చెప్పేస్తాను. మీరు అడగాల్సిన మాట నేటివ్ రిజల్యూషన్. లోపలి ప్యానెల్‌లో అసలు ఎన్ని చుక్కలున్నాయి అని. 4కే అంటే 83 లక్షల చుక్కలు. దీనిలో ఉన్నవి 1920 అడ్డం, 1080 నిలువు, సుమారు 20.7 లక్షలు. 4కే సపోర్ట్ అంటే 4కే వీడియో ఇస్తే తీసుకుని, కుదించి, తన దగ్గరున్న చుక్కల్లో చూపిస్తుందని మాత్రమే. ఎనభై అంగుళాలకి ఇది చాలు, పది అడుగుల దూరం నుంచి సబ్‌టైటిల్స్ హాయిగా చదువుతున్నాం. కానీ ఇదే రేటులో కొన్నిటిలో 1280 అడ్డం 720 నిలువే ఉంటాయి, 9.2 లక్షలు, వాటి డబ్బా మీద కూడా 4కే అనే ఉంటుంది, జాగ్రత్త.

కీస్టోన్ అని ఇంకోటి గొప్పగా చెప్తారు. ప్రొజెక్టర్‌ని వంకరగా పెట్టినా బొమ్మని నలుచదరంగా సరిచేస్తుందని. చేస్తుంది, నిజమే. కానీ ఎలా చేస్తుందంటే, ప్యానెల్‌లో అంచుల చుక్కల్ని వాడకుండా వదిలేసి బొమ్మని లోపలికి కుదిస్తుంది. మీరు డబ్బిచ్చి కొన్న చుక్కలు, వెలుగు రెండూ తగ్గిపోతాయి. పైగా వదిలేసిన చోట బూడిద రంగు మరక కనిపిస్తూనే ఉంటుంది. ఒక చెక్క స్టాండు చేయించి తెరకి ఎదురుగా, సూటిగా పెట్టుకోండి. దూరం కూడా ముందే కొలుచుకోండి. త్రో రేషియో అని రాసి ఉంటుంది, తెర వెడల్పుకి ఎన్ని రెట్ల దూరంలో ప్రొజెక్టర్ ఉండాలో చెప్పే అంకె. దీనిది 1.25. ఎనభై అంగుళాల తెర వెడల్పు 1.77 మీటర్లు, అంటే 2.2 మీటర్లు వెనక్కి, ఏడడుగుల పైమాట. మా బెడ్‌రూమ్‌లో సరిగ్గా మంచం మధ్యలోకి వచ్చింది, అందుకే హాల్లోకి మార్చాం.

ఇంకాస్త డబ్బు పెట్టగలిగితే డీఎల్‌పీ రకం చూడండి. ఇది నాకు చాలా ఇష్టమైన యంత్రం, అందుకని కాసేపు ఆగుతాను. దీంట్లో తోలు లేదు, అద్దాలున్నాయి. గోరంత చిప్పు మీద ప్రతి చుక్కకీ ఒక అద్దం. ఒక్కో అద్దం మన వెంట్రుక మందంలో ఐదో వంతు కూడా ఉండదు. సెకనుకి వేలసార్లు అటూ ఇటూ వాలుతుంది. ఇటు వాలితే వెలుగు లెన్సులోకి, అటు వాలితే పక్కకి. సగం సమయం ఇటూ సగం అటూ ఉంటే మన కంటికి బూడిద రంగు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే అమెరికా కంపెనీలో పనిచేసిన ల్యారీ హార్న్‌బెక్ 1987లో దీన్ని కనిపెట్టారు, 2015లో ఆయనకి ఆస్కార్ ఇచ్చారు. నటులకీ దర్శకులకీ ఇచ్చే ఆ బొమ్మనే ఒక ఇంజనీరు చేతిలో పెట్టారు. ఎందుకంటే రీళ్లు పోయి డిజిటల్ వచ్చాక ప్రపంచంలో చాలా సినిమా హాళ్లలో బొమ్మ పడేది ఈ అద్దాల మీంచే. హాల్లో మూడు చిప్పులుంటాయి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకేసారి పడతాయి. ఇంటి రకంలో ఒకటే చిప్పు, మూడు రంగులూ ఒకదాని తర్వాత ఒకటి గబగబా వేస్తుంది. కొందరి కళ్లు ఆ గబగబని పట్టేస్తాయి, చూపు పక్కకి తిప్పగానే తెల్ల అక్షరాల చుట్టూ ఇంద్రధనస్సు మెరిసినట్టు కనిపిస్తుంది. మా బావ ఇంట్లో అలాంటి ప్రొజెక్టర్ ఉంది. నాకేమీ కనిపించలేదు, మా ఆవిడకి ఐదు నిమిషాల్లోనే కళ్లు లాగడం మొదలైంది. కాబట్టి డీఎల్‌పీ కొనేముందు ఇంట్లో వాళ్లందరినీ ఒకసారి చూడమనండి, మీ ఒక్కరి కళ్లతో తేల్చుకోకండి.

మిగతావి గబగబా. స్పీకర్ వాన వస్తే వినపడదు, బయట స్పీకర్ పెట్టుకోండి, వైరుతో పెట్టుకోండి, బ్లూటూత్ అయితే కొన్నిసార్లు పెదాలు ఒకలా మాట ఒకలా ఉంటుంది. ఫ్యాను చప్పుడు ఉంది, నిశ్శబ్దంగా ఉండే సన్నివేశాల్లో తెలుస్తుంది, అలవాటైపోతుంది. కొన్ని ఓటీటీ యాప్‌లు దీనిలో నేరుగా నడవవు, నడిచినా లైసెన్సు లేక మసక వీడియోనే ఇస్తాయి, ఒక స్ట్రీమింగ్ స్టిక్ హెచ్‌డీఎంఐలో పెడితే ఆ గొడవ తీరింది. కరెంటు 75 వాట్లు తింటోంది, పోయినప్పుడు ఇన్వర్టర్ మీద సినిమా ఆగకుండా నడిచింది. దుమ్ము మాత్రం చూసుకోండి. దీపం, ప్యానెల్ ఉండే చోటు మూసి ఉన్న రకం తీసుకోండి, సీల్డ్ ఇంజన్ అంటారు. మా ఫ్రెండు కొన్నదానికి అది లేదు, మూడో నెలకే తెర మీద నల్ల మచ్చలొచ్చాయి.

ఇంట్లో ఒక్క టీవీ కూడా లేకపోతే ఇది కొనకండి. పగలు వార్తలు, పిల్లల కార్టూన్లు, మధ్యాహ్నం మ్యాచ్, వీటికి టీవీయే. టీవీ ఉండి, రాత్రిళ్లు ఒక గదిని చీకటి చేసుకోగలిగితే, ఒక గోడకి పెయింటు వేసుకునే వీలుంటే, ఈ రేటుకి ఇది ఇచ్చే ఆనందం నాకు ఇంకెక్కడా దొరకలేదు. అద్దె ఇల్లయితే ఇంటివాళ్లని ముందు అడగండి, పెయింటు కుదరదంటే మందపాటి మ్యాట్ తెర కొనుక్కోండి, దుప్పటి వద్దు.

చివరిగా మేడ మీద సినిమా వేసుకునే సంగతి. ఏప్రిల్ నెలాఖరులో ఇక్కడ తెనాలిలో పొద్దు ఆరున్నర లోపే వాలుతుంది, ఏడుంపావుకి గానీ బొమ్మ నిలబడదు, అంతకుముందు మొదలుపెట్టకండి. వెన్నెల ఉంటే పాడవుతుందేమో అని మా అమ్మ అడిగింది, పున్నమి రోజునే మీటరు పట్టుకుని మేడెక్కాను. వెన్నెల పావు లక్సుకి అటూ ఇటూ, దాని వల్ల బొమ్మకి ఏ నష్టమూ లేదు. వీధి దీపం మాత్రం పిట్టగోడ మీద 6 లక్సులు వేస్తోంది. అందుకే తెరని నీళ్ల ట్యాంకు నీడ పడే వైపుకి మార్చాం. ఆ రాత్రి కింది వాటా వాళ్లతో కలిపి పదకొండు మందిమి చాపలేసుకుని కూర్చున్నాం, నెత్తిన నిండు చందమామ, ఎదురుగా ఎనభై అంగుళాల బొమ్మ.